స్ట్రోక్ సీటీలో యాస్పెక్ట్స్ స్కోరు వేయడం ఎలా

మిడిల్ సెరెబ్రల్ ధమని (మెదడు పక్క భాగానికి రక్తం అందించే పెద్ద నాళం) మూసుకుపోయిన పేషెంటు సీటీ తెరవగానే మొదట చూడాల్సింది రక్తస్రావం. అది లేదని తేలాక, ఇప్పటికే ఎంత మెదడు దెబ్బతిన్నదో చెప్పాలి. ఆ లెక్కే యాస్పెక్ట్స్ (అల్బెర్టా స్ట్రోక్ ప్రోగ్రామ్ ఎర్లీ సీటీ స్కోర్). కెనడాలోని కాల్గరీ బృందం 2000లో దీన్ని ప్రచురించింది. 10తో మొదలుపెట్టి, దెబ్బతిన్న ఒక్కో ప్రాంతానికి ఒక్కో పాయింటు తీసేయాలి.

ముందు విండో (తెరపై నలుపు–తెలుపు తేడాను నిర్ణయించే సెట్టింగ్) మార్చండి. వెడల్పు 80, లెవల్ 40 ఉండే మామూలు బ్రెయిన్ విండోలో తొలి గంటల మార్పు సులువుగా తప్పిపోతుంది, ఎందుకంటే నీరు చేరిన గ్రే మ్యాటర్ (మెదడులో నాడీకణాలుండే భాగం) సాంద్రత కొద్ది హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లే (సీటీలో సాంద్రతకు కొలత) తగ్గుతుంది. వెడల్పు 40కి, లెవల్ 35–40కి తెస్తే ఆ తేడా బయటపడుతుంది. స్కోరుకు 5 మి.మీ. స్లైసులు వాడండి. 1 మి.మీ. స్లైసుల్లో నాయిస్ ఎక్కువై, లేని మచ్చలు ఉన్నట్టు అనిపిస్తుంది. అవి ధమనిలో తెల్లగా మెరిసే గడ్డను వెతకడానికి పనికొస్తాయి. తల ఒరిగి ఉంటే రెండు వైపులా ఒకే ఎత్తు కనపడదు, పోలిక మొత్తం తప్పవుతుంది. రీఫార్మాట్ చేసి సరిచేసుకున్నాకే మొదలుపెట్టండి.

కుడి చేయీ కాలూ పడిపోయి, మాట కూడా పోయిందంటే ఎడమ అర్ధగోళం చూడాలి. వైపు తెలియకుండా చదివితే చిన్న మార్పులు జారిపోతాయి.

కాడేట్ తల కనిపించే స్లైసులూ, వాటి కిందివీ గ్యాంగ్లియానిక్ లెవల్. ఇక్కడ ఏడు ప్రాంతాలు: కాడేట్, లెంటిఫార్మ్ (ఈ రెండూ లోతున ఉండే గ్రే మ్యాటర్ ముద్దలు), ఇంటర్నల్ క్యాప్సూల్ (వాటి పక్కన సాగే వైట్ మ్యాటర్, అంటే నాడీతంతువుల పట్టీ), ఇన్సులా (లోపలికి ముడుచుకున్న కార్టెక్స్), మెదడు పై పొర కార్టెక్స్‌లో ముందు నుంచి వెనక్కి ఎం1, ఎం2, ఎం3. ఆ పై స్లైసుల్లో సరిగ్గా వాటి మీదే ఎం4, ఎం5, ఎం6. కాడేట్ బాడీ పై స్లైసుల్లో కనిపించినా అది కాడేట్ లెక్కలోకే వస్తుంది. లెంటిఫార్మ్ అంచులు మసకబారడం, ఇన్సులా దగ్గర గ్రే–వైట్ గీత చెరిగిపోవడం తొందరగా కనిపించే గుర్తులు. వరసగా రెండు స్లైసుల్లో మార్పు ఉంటేనే పాయింటు తీయండి.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. సల్కస్‌లు (మెదడు ముడతల మధ్య గాళ్లు) పూడుకుపోయినా సాంద్రత తగ్గకపోతే తీయకూడదు. ఆ కణజాలం ఇంకా బతికే ఉండొచ్చు. సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) అంత నల్లగా ఉండి, పక్కనున్న ద్రవపు గది వెంట్రికల్‌ను తనవైపు లాగిన మచ్చ పాత ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిపోయిన భాగం), దాన్నీ లెక్కించొద్దు. వయసు మీదపడినవాళ్ల వైట్ మ్యాటర్ మార్పులను ఎం4–ఎం6 ఖాతాలో వేయొద్దు. అవతలి వైపు కూడా అలాగే ఉందేమో చూడండి. ఇంటర్నల్ క్యాప్సూల్ సహజంగానే ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, అనుమానంతో దానికి కోత పెట్టొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ అంకె మీద చికిత్స ఆధారపడే తీరు మారింది. ఒకప్పుడు 6 కంటే తక్కువైతే థ్రాంబెక్టమీకి (నాళంలోని గడ్డను గొట్టంతో బయటికి తీయడానికి) చాలామంది వెనకాడేవారు. జపాన్‌లో జరిగి, 2022లో ఫలితాలు ప్రచురితమైన రెస్క్యూ–జపాన్ లిమిట్ ట్రయల్‌లో, స్కోరు 3–5 ఉన్నవారిలో 90 రోజులకు సొంతంగా నడవగలిగే స్థితి థ్రాంబెక్టమీతో 31 శాతానికి, మందులతోనే అయితే 12.7 శాతానికి దక్కింది. కపాలం లోపల ఏ రకమైనదైనా రక్తస్రావం మాత్రం ఎక్కువైంది: థ్రాంబెక్టమీతో 58 శాతం, మందులతోనే అయితే 31.4 శాతం. 2023లో వచ్చిన సెలెక్ట్2, ఏంజెల్–యాస్పెక్ట్, టెన్షన్ ట్రయల్స్ కూడా పెద్ద ఇన్‌ఫార్క్ట్‌లో థ్రాంబెక్టమీ మేలునే చూపించాయి. కాబట్టి 4 వచ్చిందని కేసు పక్కన పెట్టకండి. వెంటనే స్ట్రోక్ బృందానికి ఫోన్ చేయండి.

జపాన్ ట్రయల్‌లో ఎక్కువమందికి స్కోరు ఎంఆర్ఐ డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలికను చూపే స్కాన్) మీద వేశారు. డిఫ్యూజన్‌లో స్కోరు సాధారణంగా సీటీ కంటే ఓ పాయింటు తక్కువ వస్తుంది. అందుకే రిపోర్టులో వట్టి అంకె చాలదు. ఇలా రాయండి: ‘సీటీ యాస్పెక్ట్స్ 5, ఎడమ వైపు, ఇన్సులా, లెంటిఫార్మ్, ఎం2, ఎం3, ఎం5 దెబ్బతిన్నాయి, రక్తస్రావం లేదు.’