మురుగు బురద బాక్టీరియాతో బయోడీజిల్: ల్యాబ్‌లో ఒక బ్యాచ్

ఒకే జాతి బాక్టీరియాను పెంచాలంటే పాత్రలు, బాక్టీరియా పెరిగే పోషక ద్రవం, లోపలికి పోయే గాలి అన్నీ స్టెరిలైజ్ చేయాలి. మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) బురదతో ఆ బెడద చాలావరకు తప్పుతుంది. అందులో కొన్ని జాతులు పిండిపదార్థాన్ని, నూనెను చిన్న ముక్కలు చేస్తే, వేరే జాతులు వాటిని తిని ఒంట్లో కొవ్వుగా దాచుకుంటాయి. చక్కెర దండిగా ఉండి నత్రజని అయిపోతే కణాలు విభజన తగ్గించి దాచుకోవడం మొదలుపెడతాయి. కిటుకంతా ఇందులోనే ఉంది.

పెద్ద అపార్ట్‌మెంట్ల ఎస్‌టీపీలో ఏరేషన్ ట్యాంకు (మురుగులోకి గాలి పంపే తొట్టి) బురద దొరుకుతుంది. గంటసేపు కదపకుండా ఉంచి పైనీరు వంచేయండి. గ్లౌజులు తప్పనిసరి, అది మలమూత్రాల నీరు.

4 లీటర్ల జాడీలో 2 లీటర్ల నీరు, 120 గ్రాముల గ్లూకోజ్, 3.2 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 2 గ్రాముల పొటాషియం ఫాస్ఫేట్, చిటికెడు మెగ్నీషియం సల్ఫేట్ కలపండి. దీంతో కార్బన్, నత్రజనుల నిష్పత్తి దాదాపు 70:1 అవుతుంది. 200 మి.లీ. చిక్కటి బురద పోసి, అక్వేరియం పంపుతో 7 రోజులు గాలి ఆపకుండా పంపండి. జాడీలో దాదాపు సగం ఖాళీగా ఉంచేది నురగ కోసమే. పీహెచ్ రోజూ చూడాలి: ఆమ్లాలు పుట్టి 6 కంటే పడిపోతే పెరుగుదల కుంటుపడుతుంది. పలుచని కాస్టిక్ సోడాతో 6.5–7కి తెండి. పుల్లటి కంపు కొడితే గాలి చాలడం లేదని అర్థం.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి కణాలను అడుగుకు దించి, నీటితో రెండుసార్లు కడగండి. కడగకపోతే మిగిలిన చక్కెర కణాలతోనే ఉండిపోతుంది. ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి పొడి చేయండి. ఎండలో నిదానంగా ఆరనిస్తే, దాచుకున్న కొవ్వును బాక్టీరియా తిరిగి తినేస్తుంది.

ఇక ఈ కొవ్వును మిథనాల్‌తో చర్య జరిపించి బయోడీజిల్‌గా మార్చాలి. ఇక్కడ చాలామంది కాస్టిక్ సోడానే ఉత్ప్రేరకంగా వాడబోతారు. బురద కొవ్వులో విడి ఫ్యాటీ ఆమ్లాలు ఎక్కువ, సబ్బు అయి కూర్చుంటుంది. ఆమ్లమే వాడాలి. ఐస్‌లో పెట్టిన 100 మి.లీ. మిథనాల్‌లోకి 5 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలండి, మిథనాల్‌ను ఆమ్లంలో పోయకండి. 10 గ్రాముల పొడి వేసి, కండెన్సర్ తగిలించి, ఫ్యూమ్ హుడ్‌లో 60–65 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు, కాబట్టి వాటర్ బాత్ తప్ప మంట వద్దు. పొడిలో తడి ఉంటే రసాయన చర్య సగంలోనే ఆగిపోతుంది.

చల్లారాక వడకట్టి, 100 మి.లీ. హెక్సేన్, 50 మి.లీ. సంతృప్త ఉప్పునీరు పోసి సెపరేటింగ్ ఫన్నెల్‌లో కలపండి. ఎస్టర్లు, అంటే మన బయోడీజిల్, పై పొరలోకి చేరతాయి. మధ్యలో తెల్లటి తెట్టు విడిపోకపోతే మరికొంత ఉప్పు వేయండి, లేదా సెంట్రిఫ్యూజ్ చేయండి. పై పొరను 2 శాతం సోడియం బైకార్బొనేట్‌తో కడిగేటప్పుడు గ్యాస్ పుడుతుంది, మూత తరచూ తెరవండి. నిర్జల సోడియం సల్ఫేట్‌తో తడి తీసి, హెక్సేన్‌ను ఆవిరి చేయండి.

10 గ్రాముల పొడికి ఒక గ్రాము బయోడీజిల్ వచ్చిందంటే బాగా వచ్చినట్టే. చక్కెరతో మేపని బురద అయితే అందులో సగమూ కష్టం. చక్కెర ఖర్చు చూస్తే ఇది బండి నడిపే దారి కాదు, ప్రయోగానికి పనికొచ్చే దారి. కొవ్వును గుర్తించడానికి వేసే సూడాన్ బ్లాక్ రంగుకు కణాలు నల్లబడ్డాయని సంబరపడకండి: ఆ రంగు కొవ్వుకూ పట్టుతుంది, బాక్టీరియా దాచే పాలీహైడ్రాక్సీబ్యుటరేట్ అనే ప్లాస్టిక్‌కూ పట్టుతుంది. రెండోదాంట్లోంచి డీజిల్ రాదు. నమ్మదగిన లెక్క, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీదే.

అడుగున మిగిలిన ఆమ్ల మిథనాల్ పొరను సింకులో పోయకూడదు. సున్నంతో తటస్థం చేసి ద్రావణి వ్యర్థాల డబ్బాలో వేయండి.