"మై లీడ్ ఈజ్ బయస్": ఒక్క మాట, నాలుగు తప్పులు, వాటి మరమ్మత్తు

అప్రైజల్ రోజులొస్తే మా మేనల్లుడికి నేను గుర్తొస్తాను. ఈసారి మెయిల్ మొత్తం వాట్సాప్‌లో పెట్టి, "మామయ్యా, ఒక్కసారి చూడు, పంపేస్తున్నా" అన్నాడు. నాలుగే వాక్యాలు:

"మై రేటింగ్ ఈజ్ బయస్. మై లీడ్ ఈజ్ బయస్ ఆన్ మి. ప్లీజ్ డూ యాన్ అన్‌బయస్ రివ్యూ. బికాజ్ ఆఫ్ దిస్ బయస్‌నెస్ ఐ యామ్ సఫరింగ్."

ఆగరా, పంపకు అన్నాను. వాడి బాధ నిజమే కావచ్చు. కానీ బయస్, అంటే పక్షపాతం, అనే ఒకే మాట నాలుగుసార్లు వాడి నాలుగుసార్లూ కాలు జారాడు. (లీడ్ అంటే వాడి టీమ్ పెద్ద.) మనవాళ్ళు ఈ మాట దగ్గర పడే చోట్లు దాదాపు అన్నీ ఆ మెయిల్లోనే ఉన్నాయి, అందుకే దాన్నే ముందు పెట్టుకున్నాను.

సమస్య 1: "ఈజ్ బయస్"

ఇక్కడ ఉండాల్సింది బయస్ట్. రాసేటప్పుడు చివర ఈ, డీ అక్షరాలు వస్తాయి, పలికేటప్పుడు మాత్రం 'ట్' అని వినిపిస్తుంది. అందుకే ఇక్కడంతా బయస్ట్ అనే రాస్తున్నాను.

కారణం మన ఇంట్లోనే ఉంది. ఈ మాటని తెలుగులో ఎప్పుడో కలిపేసుకున్నాం. "ఆయన బాగా బయస్‌గా మాట్లాడతాడండీ" అంటాం. కోపంగా, అందంగా అన్నట్టే, 'గా' తగిలిస్తే మనకి పని జరిగిపోతుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఆ 'గా'ని గుమ్మం దగ్గరే వదిలేసి ఉత్త బయస్‌తో లోపలికి పోతాం. అక్కడ 'గా' చేసే పనిని చివరి ఈ-డీ చెయ్యాలి.

చెవి కూడా మోసం చేస్తుంది. "బయస్ట్ టువర్డ్స్" అని గబగబా అంటే రెండు ట-లు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి "బయస్ టువర్డ్స్" అనే వినిపిస్తుంది. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్ళు కూడా విన్నది విన్నట్టు రాసి ఈ తప్పు చేస్తుంటారు. మనం మరీ సిగ్గుపడాల్సిన పని లేదు.

పరిష్కారం: అనుమానం వస్తే వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకోండి. బయస్ అంటే పక్షపాతం, బయస్ట్ అంటే పక్షపాతి. "మా లీడ్ పక్షపాతం" అని ఎవరైనా అంటారా? "మా లీడ్ పక్షపాతి" అంటాం. పక్షపాతి అతికే చోట బయస్ట్ పెట్టండి. "దేర్ ఈజ్ ఎ బయస్ ఇన్ ద రేటింగ్" అన్నప్పుడు మాత్రం రేటింగులో పక్షపాతం ఉందని కదా, అక్కడ బయసే సరి.

మావాడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఇ.సి.ఇ., అంటే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్, చదివాడు మరి. "ల్యాబ్ రికార్డులో నాలుగేళ్ళూ ఫార్వర్డ్ బయస్ అనే రాశాం కదా" అన్నాడు. రాసే ఉంటారు, తప్పూ కాదు. "ద డయోడ్ ఈజ్ ఇన్ ఫార్వర్డ్ బయస్" అన్నప్పుడు మధ్యలో 'ఇన్' ఉంది. ఆ 'ఇన్' తీసేస్తే మాత్రం "ద డయోడ్ ఈజ్ ఫార్వర్డ్ బయస్ట్" అవుతుంది. మీ లీడ్ 'ఇన్ బయస్'లో లేడు కాబట్టి ఆయనకీ ఈ-డీ పెట్టు అన్నాను.

నామవాచకం ముందు వాడేటప్పుడు ఇంకొంచెం చూసుకోవాలి. బయస్ ట్రైనింగ్ అంటే పక్షపాతం గురించి ఇచ్చే శిక్షణ. చాలా ఆఫీసుల్లో ఏడాదికోసారి కూర్చోబెట్టి ఇస్తారు. బయస్ట్ ట్రైనింగ్ అంటే ఆ శిక్షణే పక్షపాతంగా సాగిందని. హెచ్.ఆర్.కి రాసే మెయిల్లో ఇవి తారుమారైతే ఏమవుతుందో ఊహించుకోండి.

సమస్య 2: "బయస్ ఆన్ మి"

ఇది మెయిల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు. 'నా మీద'లోని మీదని ఉన్నదున్నట్టు 'ఆన్' చేసేశాడు. కానీ తెలుగులో 'చిన్న కొడుకు మీద పక్షపాతం' అంటే వాడంటే ఎక్కువ ప్రేమ అనే కదా అర్థం! పక్షపాతం అన్న మాటలోనే ఒక పక్షానికి ఒరగడం ఉంది. ఇంగ్లీషు మాట అలా కాదు. దానికి రెండు దిక్కులూ ఉన్నాయి, ఏ దిక్కో చెప్పే బాధ్యత పక్కనుండే చిన్న మాటది. వ్యతిరేకమైతే బయస్ట్ అగైన్స్ట్. అనుకూలమైతే బయస్ట్ టువర్డ్స్, లేదా బయస్ట్ ఇన్ ఫేవర్ ఆఫ్. ఫలానావాళ్ళ వైపు మొగ్గు అని సూటిగా చెప్పాలంటే నేను 'ఇన్ ఫేవర్ ఆఫ్'కే ఓటేస్తాను, చదివేవాళ్ళకి అనుమానం మిగలదు.

'ఆన్' పెడితే ఇంకో చిక్కు. 'బేస్డ్ ఆన్' అనే జంట ఒకటి ఉంది, ఆధారంగా అని. దానికీ దీనికీ రాతలో ఒక్క 'ఐ' అక్షరమే తేడా. "బయస్ట్ ఆన్ మి" అని చూడగానే అవతలివాళ్ళు బేస్డ్ అనబోయి తప్పు కొట్టాడేమో అనుకుంటారు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెక్ పెద్దగా ఆదుకోదు.

సమస్య 3: అన్‌బయస్, బయస్‌నెస్

మొదటిదానికి మందు పైన చెప్పిందే: అన్‌బయస్ట్. రెండోదానికి అసలు అవసరమే లేదు. బయసే నామవాచకం, దానికి మళ్ళీ 'నెస్' తగిలించడం పక్షపాతంతనం అన్నట్టుంటుంది. ఒకటికన్నా ఎక్కువుంటే బయసెస్.

ఇంకొకటి, మెయిల్లో లేదు కానీ మన ఇళ్ళలో రోజూ దొర్లేది: పార్షియల్

"మా టీచర్ పార్షియాలిటీ చూపిస్తుంది" అనని పిల్లలుండరు. పార్షియాలిటీతో పేచీ లేదు. పార్షియల్‌తోనే. "ఐ యామ్ పార్షియల్ టు గోంగూర" అంటే నాకు గోంగూరంటే ప్రీతి అని, ఫిర్యాదేమీ కాదు. "పార్షియల్ రిపోర్ట్" అంటే చాలామందికి సగమే పూర్తయిన రిపోర్టని తోస్తుంది. పక్షపాతమే మీ ఉద్దేశమైతే బయస్ట్ అనెయ్యండి, గొడవ వదులుతుంది.

మనిషి లేని చోట

బయస్ట్ కాయిన్, బయస్ట్ శాంపిల్ అని చదివినప్పుడు పక్షపాతం అనుకుంటే అర్థం కుదరదు. నాణేనికి పక్షమేమిటి? ఇక్కడ 'మొగ్గు' అనుకోవాలి, తక్కెడ ఒకవైపు మొగ్గినట్టు. అసలు ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాని అర్థం ఏటవాలు అనే. మన టైలర్లు క్రాస్ కటింగ్ జాకెట్టు అంటారే, గుడ్డని ఏటవాలుగా వేసి కత్తిరించే ఆ పద్ధతిని ఇంగ్లీషులో ఇప్పటికీ బయస్ కట్ అంటారు.

బయస్ట్ శాంపిల్‌కి పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఉదాహరణ 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపి, తిరిగొచ్చిన 20 లక్షలకు పైగా కార్డులు లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి ల్యాండన్ గెలుస్తాడంది. తీరా చూస్తే ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళ, అంటే ఆ రోజుల్లో కాస్త కలిగినవాళ్ళ, జాబితాల నుంచే ఎక్కువ పేర్లు తీశారు. పైగా ఓపిగ్గా జవాబు రాసి పంపినవాళ్ళూ ఒక తరహావాళ్ళే. పత్రిక ల్యాండన్‌ని గెలిపించాలనుకుందని కాదు, శాంపిలే ఒరిగిపోయింది. ఈ వాడుకలో నింద లేదు.

మనిషిని అంటే మాత్రం నింద ఉంటుంది. తనను తాను అనుకుంటే ముద్దు: "ఐ యామ్ బయస్ట్, బట్ మై డాటర్ సింగ్స్ వెల్." అదే ఎదుటివాణ్ణి "యు ఆర్ బయస్ట్" అంటే నేరారోపణ. అందుకే మావాడి మెయిల్లో లీడ్ ఊసు తీయించి, రేటింగు మీదికి మళ్ళించాను:

"ఐ ఫీల్ ద రేటింగ్ ఈజ్ బయస్ట్ అగైన్స్ట్ పీపుల్ ఆన్ ద నైట్ షిఫ్ట్. కుడ్ వి హ్యావ్ యాన్ అన్‌బయస్ట్ రివ్యూ?" కింద మూడు నెలల్లో తను చూసిన టికెట్ల (ఆఫీసులో ఒక్కో పనికీ ఇచ్చే నంబర్ల) లెక్క పెట్టాడు.

మర్నాడు లీడ్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి పంపాడు మావాడు. "నోటెడ్. ఐ యామ్ నాట్ బయస్. విల్ చెక్."