లేడీహాక్ చూశాక నలుగురికీ పనికొచ్చే అభిప్రాయం రాయడం ఎలా

1985లో వచ్చిన లేడీహాక్ అనే హాలీవుడ్ సినిమాని కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు అరగంటకే ఆపేస్తారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ చెప్పే కారణం ఒకటే: సంగీతం. ఏ సీన్లో, ఏ వాయిద్యం, ఎందుకు పొసగలేదో మాత్రం ఎవరూ రాయరు. అందుకే చదివేవాడికి రాసినవాడి కోపమో ఇష్టమో తెలుస్తుంది తప్ప సినిమా గురించి ఏమీ తెలియదు. తీర్పు పక్కన సీన్ ఉండాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతాదంతా తేలికే.

ముందుగా ఒక మాట: ఇక్కడ కథలో చాలా భాగం బయటపడుతుంది.

రాసేముందు చూడటం సరిగ్గా జరగాలి. సినిమా నిడివి 121 నిమిషాలు, ఫ్రేము 2.35:1. అంటే వెడల్పుగా, పైనా కిందా నల్లపట్టీలతో కనిపించాలి. పాత టీవీల కోసం 4:3కి కోసిన కాపీలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో బొమ్మ నూటికి 43 వంతులు పోతుంది. కెమెరా విత్తోరియో స్తొరారోది, అప్పటికే రెండు ఆస్కార్లు అందుకున్నవాడు. కోసిన కాపీ చూసి "ఫ్రేమింగ్ ఇరుకుగా ఉంది" అని రాస్తే ఆయన చేయని తప్పు ఆయన నెత్తిన పడుతుంది. టీవీలో వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్ ఆపేయండి. వివిడ్ మోడ్‌లో సంధ్యవేళ ఆకాశం ఆరెంజ్ షర్బత్ రంగులోకి మారిపోతుంది. ఈ కథకి ప్రాణం ఆ సంధ్యవేళలోనే ఉంది.

రెండుసార్లు చూడండి. మొదటిసారి కాగితం, పెన్ను దగ్గరే పెట్టుకోవద్దు. అయిపోయిన గంటలోపు, ఎవరి రివ్యూలూ చదవకముందే, గుర్తున్న మూడు సీన్లు రాసుకోండి. మంచివో చెడ్డవో తర్వాత చూద్దాం. రెండోసారి నాలుగు గడులు గీసిన కాగితంతో కూర్చోండి: ఎన్నో నిమిషం, తెర మీద ఏం జరిగింది, నాకేమనిపించింది, అందుకు కారణం ఏది (నటనా, కెమెరానా, సంగీతమా, మాటలా). ఎక్కువమందికి నాలుగో గడి ఖాళీగా మిగిలిపోతుంది. అక్కడ ఏమీ రాయలేని సీన్‌ని అభిప్రాయంలో వాడొద్దు, లేదా ఆ రెండు నిమిషాలు మళ్లీ చూడండి.

కథ చెప్పడానికి ఆరేడు వాక్యాలు చాలు. ఫిలిప్ అనే కుర్రదొంగ అక్విలా చెరసాల నుంచి మురుగు కాలువలోంచి తప్పించుకుంటాడు. ఒకప్పటి సేనాపతి నవార్ అతన్ని కాపాడతాడు. నవార్ చేతిమీద ఎప్పుడూ ఒక డేగ. నవార్, ఇసబో ప్రేమించుకున్నారని బిషప్ శాపం పెట్టించాడు: పగలు ఆమె డేగ, రాత్రి అతను నల్ల తోడేలు. ఇద్దరూ మనుషులుగా కలిసుండే క్షణం లేదు, సూర్యుడు అటో ఇటో అయ్యే ఆ రెప్పపాటు తప్ప. శాపం తీరే దారి తనకి తెలుసంటాడు ఇంపీరియస్ అనే సన్యాసి. అక్కడితో ఆపేయండి.

తెలుగులో రాసేవాళ్లకి ఇక్కడ మంచి ఊతం ఒకటి ఉంది. మన కావ్యాల్లో జక్కవ పక్షులు రాత్రయితే విడిపోతాయి, తెల్లవారితే కలుస్తాయి. ఈ జంటకి ఆ పగలు కూడా లేదు. ఇంత చెప్తే చాలు, తెలుగు పాఠకుడికి ఈ ప్రేమ ఎంత కష్టమో ఒక్క వాక్యంలో అందుతుంది. శాపవిమోచనానికి పెట్టిన షరతు కూడా మనకి కొత్త కాదు. రాత్రి లేని పగలు, పగలు లేని రాత్రి వచ్చినప్పుడే ఇద్దరూ బిషప్ ఎదుట మనుషులుగా నిలబడాలి. హిరణ్యకశిపుడి వరానికి సంధ్యాసమయం దొరికినట్టు, ఇక్కడ గ్రహణం దొరుకుతుంది. పోలిక ఒక్కటే చాలు. మన జానపద సినిమాలన్నిటినీ వరసపెట్టి పోలుస్తూ పోతే అభిప్రాయం లేడీహాక్‌ని వదిలేసి వాటి వెంట పోతుంది.

ఇక సంగీతం. దీనికి ఎక్కువ చోటివ్వండి, ఎందుకంటే చదివేవాళ్లు ఎదురుచూసేది దీనికోసమే. స్వరపరిచింది ఆండ్రూ పావెల్, ఆ సంగీతానికి నిర్మాత అలన్ పార్సన్స్. పార్సన్సే స్వరపరిచాడని రాయడం చాలా మామూలు తప్పు. ఇందులో మూడు రకాలు కలిసి ఉన్నాయి: సింథసైజరూ డ్రమ్సూ కలిసి నడిచే రాక్, తీగవాద్యాల ఆర్కెస్ట్రా, చర్చి కీర్తనల తీరు గానం. "సంగీతం సినిమాని చెడగొట్టింది" అంటే మూడింటినీ ఒకే గాటన కట్టినట్టు. ఒక పరీక్ష చేయండి. గుర్రం పరుగు తీసే సీన్ ఒకటి తీసుకుని, ముందు శబ్దం ఆపేసి, తర్వాత శబ్దంతో చూడండి. ఆపేసినప్పుడు సీన్ వేగంగానే ఉందనిపిస్తే, సంగీతం అవసరం లేని చోట తోసుకొచ్చిందని ధైర్యంగా రాయొచ్చు. ఆపేస్తే సీన్ చప్పబడితే, మీకు ఇబ్బంది కలిగించింది వాయిద్యమే గాని దాని పని కాదు. రెండూ వేర్వేరు అభిప్రాయాలు. తేడా ఇలా ఉంటుంది:

"సంగీతం చెత్త, మిగతాదంతా బాగుంది."

"గుర్రం దౌడు తీయగానే డ్రమ్స్ మోగాయి, నేను మధ్యయుగంలోంచి 1985లోకి వచ్చి పడ్డాను. తీగవాద్యాలు వినిపించిన ప్రతిచోటా మళ్లీ లోపలికి వెళ్లగలిగాను."

రెండోది చదివినవాడు సినిమా తనకి నచ్చుతుందో లేదో తేల్చుకోగలడు.

నటన గురించి రాసేటప్పుడు కథలోని నియమం మర్చిపోవద్దు. "రట్గర్ హావర్ (నవార్), మిషెల్ ఫైఫర్ (ఇసబో) మధ్య కెమిస్ట్రీ లేదు" అన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. శాపం ప్రకారం వాళ్లు దాదాపు సినిమా అంతా ఒకే ఫ్రేములో మనుషులుగా ఉండకూడదు! కాబట్టి చూడాల్సింది ఒకరు లేనప్పుడు రెండోవారు ఎలా ఉన్నారన్నది. డేగకి దెబ్బ తగిలినప్పుడు హావర్ ముఖం చూడండి. ఫిలిప్ ఆ ఇద్దరి మధ్యా మాటలు మోస్తాడు, మోస్తూ తన సొంత కవిత్వం కలుపుతాడు. ఆ కలిపిన మాట విని ఎదుటివారి ముఖంలో వెలిగేదే ఈ సినిమాలోని శృంగారం. ఫిలిప్‌గా మాథ్యూ బ్రాడరిక్ దేవుడితో చేసే వాదనలు నచ్చకపోవచ్చు, అతని అమెరికన్ యాస చెవికి గుచ్చుకోవచ్చు. రాయండి, కానీ ఆ రెండూ విడివిడిగా రాయండి.

అన్నిటికంటే దగ్గరగా చూడాల్సింది తెల్లవారుజాము సీన్. వెలుగు మెల్లగా పైకి పాకుతుంది. తోడేలు మనిషవుతుంటే, మనిషి డేగవుతుంటే, మధ్యలో ఒక్క క్షణం ఇద్దరి కళ్లూ కలుస్తాయి. అతను చాచిన చేయి తాకేలోపు ఆమె ఎగిరిపోతుంది. ఆ రోజుల్లో మనిషి తోడేలయ్యే సీన్లంటే రబ్బరు మేకప్, సాగే ఎముకలు. దర్శకుడు రిచర్డ్ డోనర్ అవేవీ వాడలేదు. ఒక బొమ్మ మీదికి ఇంకో బొమ్మ కరుగుతూ వస్తుంది, అంతే. "ఎఫెక్ట్స్ పాతబడ్డాయి" అని రాసేముందు, చేతివేళ్ల దగ్గర కట్ ఎక్కడ పడిందో మళ్లీ ఒకసారి చూడండి.

పొరపాట్లు ఎంచడం సరదాగానే ఉంటుంది గాని, బరువు చూసి ఎంచాలి. తెరమీది డేగ ఎర్రతోక డేగ, ఉత్తర అమెరికా పక్షి. మధ్యయుగపు ఐరోపాలో దానికి చోటు లేదు. ఇది నిజమే, కానీ కథకి నష్టం లేదు, ఒక వాక్యం చాలు. గ్రహణం అలా కాదు, ముగింపు మొత్తం దాని మీదే నిలబడింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతుందని మనకి పంచాంగం చెప్పక్కర్లేకుండానే తెలుసు. అందుకని దానికి ముందు రాత్రుల్లో ఆకాశంలో చంద్రుడు కనిపిస్తాడేమో, కనిపిస్తే ఎంత ఉన్నాడో గమనించండి. సంపూర్ణ గ్రహణం ఎంత ఎక్కువసేపున్నా సుమారు ఏడున్నర నిమిషాలే. చర్చిలో పోరాటాన్ని ఆ కొలతతో చూడొచ్చు.

వివరాలు రాసేటప్పుడు కాలు జారే చోటు ఇంకొకటి ఉంది: "పాత ఇతిహాసం ఆధారంగా తీసింది" అన్న మాట. ఆనాటి ప్రచారంలో అలా చెప్పుకున్నారు, కానీ కథ రచయిత ఎడ్వర్డ్ ఖ్మారా సొంతంగా అల్లింది. సన్యాసి ఉండే శిథిలమైన కోట మాత్రం నిజంగా ఉంది. ఇటలీలోని అబ్రుజ్జోలో, సుమారు 1,460 మీటర్ల ఎత్తున ఉన్న రోక్కా కలాషియో. నవార్ ఎక్కే నల్లగుర్రం ఫ్రీజియన్ జాతిది. ఆస్కార్‌కి ఈ సినిమా నామినేట్ అయింది సౌండ్, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ విభాగాల్లో, సంగీతానికి కాదు.

మార్కుల దగ్గర మనకి 2.75, 3.25 అలవాటు. ఈ సినిమాకి ఆ పావులు ఏమీ చెప్పవు. రెండు అంకెలు ఇవ్వండి: సంగీతంతో కలిపి ఒకటి, సంగీతం పక్కనపెట్టి ఒకటి. మధ్య తేడా ఒక పాయింటు దాటితే, ఎందుకో ఒక వాక్యం రాయండి. మొదటిసారి ఏ వయసులో చూశారో కూడా చెప్పండి. పన్నెండేళ్లప్పుడు చూసినవాళ్ల ఇష్టానికి, నలభైలో మొదటిసారి చూసినవాళ్ల చిరాకుకి సగం కారణం అదే.

మొత్తం 250 నుంచి 350 మాటల్లో ముగించండి. పెట్టేముందు పైకి చదివి, "చాలా", "అద్భుతం", "బోర్" అన్న మాటల కింద గీత గీయండి. గీత పడిన ప్రతిచోటా పక్కనే ఒక సీన్ ఉందో లేదో చూసి, లేకపోతే మాట కొట్టేయండి. గ్రహణం సంగతి రాయాలనుకుంటే ముందు వరసలోనే హెచ్చరిక పెట్టండి. చివర్లో చర్చి గంట మోగితే ఏం జరగాలని నవార్ ఇంపీరియస్‌కి చెప్పి వెళ్లాడో, అది మాత్రం హెచ్చరిక పెట్టినా రాయకండి. ఆ గంట వినిపించినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది, అది చూసేవాడికే వదిలేయండి.