పాలిచ్చే తల్లి బరువు తగ్గడం ఎలా?

కాన్పయి పది రోజులు కాకముందే అద్దం ముందు నిలబడి "ఈ పొట్ట ఎప్పుడు పోతుంది?" అని దిగులుపడే తల్లులు ఎందరో. ముందుగా ఒక విషయం తెలిస్తే ఆ దిగులు సగం తగ్గుతుంది. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి కాన్పు రోజునే దాదాపు ఐదారు కిలోలు పోతాయి. తర్వాతి ఒకటి రెండు వారాల్లో ఒంట్లో చేరిన నీరు చెమటగా, మూత్రంగా పోయి ఇంకొంత తగ్గుతారు. సాగిన గర్భసంచి మళ్లీ పాత పరిమాణానికి రావడానికి సుమారు 6 వారాలు పడుతుంది. కాబట్టి ఇప్పుడు కనిపించే పొట్టంతా కొవ్వు కాదు. నిజంగా ఉన్న కొవ్వులో కొంత భాగం, పాలివ్వడానికి పనికొస్తుందని గర్భంతో ఉన్నప్పుడే ఒళ్లు దాచుకున్నది.

1. మొదటి 6 వారాలు బరువు సంగతి పక్కన పెట్టండి

పాలు కుదురుకునే కాలమిది. బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి. ఈ సమయంలో కడుపు మాడ్చుకుంటే తల్లి నీరసపడిపోతుంది, పాలూ తగ్గవచ్చు. ఆకలేస్తే తినండి, కుదిరినప్పుడు పడుకోండి. ఒంట్లో ఓపికుంటే ఇంట్లోనే నెమ్మదిగా నడవండి. సిజేరియన్ అయినవాళ్లు బరువులెత్తడం, వ్యాయామం లాంటివి డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి.

2. మీ లెక్క మీరు తెలుసుకోండి

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ కోసం ఒంట్లో రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తయారవుతాయి. వంద మిల్లీలీటర్లలో దాదాపు 65 నుంచి 70 కేలరీలు ఉంటాయి. అంటే కూర్చుని పాలిస్తున్నా రోజుకు 500 కేలరీలు ఖర్చవుతున్నట్టే. ఆ ఖర్చు మొత్తాన్నీ తిండితో పూడ్చకుండా, కొంత నిల్వ కొవ్వు నుంచి రానిస్తే చాలు. బరువు మెల్లగా తగ్గుతుంది.

ఎంత మెల్లగా? వారానికి అర కిలో. అంతకు మించి ఆశపడవద్దు. రోజుకు 1,800 కేలరీల కంటే తక్కువ తినకపోవడం మంచిది. కేలరీలు లెక్కపెట్టడమే టెన్షన్ అనిపిస్తే ఆ పని మానేయండి. గర్భానికి ముందు తిన్నంత తిని, దానికి తోడు ఒక చిన్నపాటి పౌష్టికాహారం చేర్చుకుంటే చాలామందికి సరిపోతుంది.

ఇంకో మాట చెప్పాలి. పాలిస్తున్నంత మాత్రాన అందరూ సన్నబడరు. పాలివ్వడం వల్ల ఆకలి బాగా పెరిగి, ఖర్చయినంతా తిండితో తిరిగి వచ్చేసే తల్లులూ ఉంటారు. అది మీ తప్పు కాదు. పక్కింటావిడ మూడు నెలల్లో తగ్గిందని మీతో పోల్చుకోకండి.

3. తిండి తగ్గించే ముందు తిండి మార్చండి

అసలు చిక్కు భోజనం దగ్గర రాదు, అర్ధరాత్రి వస్తుంది. ఒక చేతిలో బిడ్డ, విపరీతమైన ఆకలి, రెండో చేతికి అందేది బిస్కెట్ ప్యాకెట్. అప్పుడు నిగ్రహం పనిచేయదు, ముందే చేసి పెట్టుకున్న ఏర్పాటు పనిచేస్తుంది. పాలిచ్చే చోట ఒంటి చేత్తో తినగలిగేవి ఉంచుకోండి: ఉడికించిన గుడ్డు, గుప్పెడు గింజలు, పండు. కూరగాయ ముక్కలు ముందే తరిగి పెట్టమని ఇంట్లోవాళ్లను అడగండి. ఇది మొహమాటపడే సమయం కాదు.

ప్రతి పూటా మాంసకృత్తులు ఉండేలా చూసుకోండి. పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు, ఏవైనా సరే. ఆకలి ఎక్కువసేపు ఆగుతుంది. మాంసాహారం, గుడ్లు, పాలు అసలు ముట్టనివాళ్లు విటమిన్ బి12 గురించి డాక్టర్‌ను తప్పక అడగాలి. తల్లికి అది తక్కువైతే ఆ లోపం పాల ద్వారా బిడ్డకూ చేరుతుంది. చక్కెర పానీయాలు మాత్రం మానేయండి. ఒక్క ఈ మార్పుతోనే చాలా తేడా కనిపిస్తుంది. పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్లు పక్కన పెట్టుకోండి. దాహానికి మించి తాగితే పాలు పెరుగుతాయన్నది మాత్రం నిజం కాదు.

4. కదలికను లోపలి నుంచి మొదలుపెట్టండి

మూత్రం ఆపుకుంటున్నట్టు కింది కండరాలను బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలండి. పాలిస్తూ కూడా చేయవచ్చు. తర్వాత పొట్టను ఒకసారి చూసుకోండి. వెల్లకిలా పడుకుని తల కొంచెం పైకెత్తినప్పుడు, బొడ్డు దగ్గర నిలువుగా గట్టులా ఉబ్బుతోందా? అలా ఉంటే కండరాల మధ్య ఎడం ఉండవచ్చు. ఫిజియోథెరపిస్ట్‌కు చూపించేదాకా, పడుకుని లేచే రకం పొట్ట వ్యాయామాల జోలికి వెళ్లవద్దు.

నడక పదేసి నిమిషాలతో మొదలుపెట్టి, నెమ్మదిగా వారానికి 150 నిమిషాల దాకా పెంచండి. బిడ్డకు పాలిచ్చాక బయల్దేరితే రొమ్ములు బరువుగా అనిపించవు. మితమైన వ్యాయామం వల్ల పాలు తగ్గవు, బిడ్డ ఎదుగుదలకూ ఇబ్బంది ఉండదు.

5. తూకం ముందు బిడ్డకు, తర్వాత మీకు

మీ బరువు వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. రోజూ చూస్తే ఒంట్లో నీటి హెచ్చుతగ్గులే కనిపిస్తాయి. బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తోందా, మొదటి మూడు నెలల్లో వారానికి సుమారు 150 నుంచి 200 గ్రాములు పెరుగుతోందా గమనించండి. అందులో తేడా వస్తే తిండి తగ్గించడం వెంటనే ఆపి, డాక్టర్‌కు చూపించండి. మీకే గుండెదడ, విపరీతమైన నీరసం, కారణం తెలియకుండా బరువు మారడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. రోజుల తరబడి ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉన్నా అంతే త్వరగా డాక్టర్‌తో మాట్లాడండి.

కడుపు మాడ్చే ఉపవాసాలు, బరువు తగ్గించే మాత్రలు, ఇంజెక్షన్లు, టీ పొడులు ఇప్పుడు వద్దే వద్దు. పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా మానేసిన పాలిచ్చే తల్లుల్లో కొందరికి రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగి, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది.

6. ఆరు నెలల తర్వాత

బిడ్డ ఘనాహారం మొదలుపెట్టాక పాలు తాగడం క్రమంగా తగ్గుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది. తినే అలవాటు మాత్రం పాతదే ఉంటుంది. చాలామందికి బరువు మళ్లీ పెరిగేది ఇక్కడే. బిడ్డ రాత్రిపూట లేవడం మానేసిన వారమే, ఆ రాత్రి తిండినీ మానేయండి.