పెద్ద తూటాలను ఎలా పోల్చాలి?
టెక్సాస్‌లో ఉన్న మా బావ ఆఫ్రికా వేటకు వెళ్తున్నాడట; పెద్ద జంతువుల వేటకు వాడే తూటాల్లో .375 హెచ్ అండ్ హెచ్ మంచిదా, .458 విన్‌మాగ్ మంచిదా అని అమలాపురంలో కొబ్బరికాయలు లెక్కపెట్టుకునే నన్ను అడిగాడు! మనకు 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి లెక్కలే గతి.

ముందు పేరులోని అంకె చూడండి, ఈ రెండింటిలో అది అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం: ఒకటి సుమారు 9.5 మి.మీ., ఇంకోటి 11.6. తర్వాత బుల్లెట్ బరువు గ్రెయిన్లలో (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు), వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని, బరువును వేగంతో రెండుసార్లు గుణించి 4,50,240తో భాగిస్తే శక్తి ఫుట్-పౌండ్లలో వస్తుంది. .375కి 300 గ్రెయిన్లు, 2,530 అడుగులకు 4,265. .458కి 500 గ్రెయిన్లు, 2,040 అడుగులకు 4,622.

"ఇంతేనా తేడా?" అన్నాడు బావ. వేగం వర్గంలో ఉంటుంది కాబట్టి ఈ లెక్క వేగంగా పోయే తేలిక బుల్లెట్‌నే ఎక్కువ చేసి చూపిస్తుంది. ఇసుక నింపిన పడవ మెల్లగా వచ్చినా రేవు మెట్టుకు తగిలితే ఆ దెబ్బ వేరు కదా, బరువైన బుల్లెట్ కూడా అంతే, లోతుకు దిగుతుంది. కానీ భుజానికి తన్నుడూ ఎక్కువే. ఒక్క తుపాకీయే అయితే నా ఓటు .375కే, దూరానికి తక్కువ వాలుతుంది.

తూటాలో పౌడర్ సొంతంగా నింపుకుంటానన్నాడు. పౌడర్ కంపెనీ మాన్యువల్‌లోని కనిష్ఠ మోతాదుతోనే మొదలుపెట్టమన్నాను.