మిద్దెతోట గ్రూపులో స్పామర్లు దూరకుండా

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న మిద్దెతోటల వాళ్లకు వాట్సాప్ గ్రూపు నడుపుతున్నారా? వంకాయ నారు ఫొటోల మధ్య ‘ఇంట్లో కూర్చుని వేలు సంపాదించండి’ అన్న సందేశం ఎప్పుడో ఒకప్పుడు ఊడిపడుతుంది. వచ్చాక తరమడం కన్నా గడప దగ్గరే ఆపడం తేలిక. సెట్టింగుల్లో కొత్త సభ్యులకు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేయండి. ఆమోదించే ముందు తెలుగులో ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ మిద్దె మీద ఇప్పుడు ఏం కాస్తోంది?’ తోట ఉన్నవారు అడగకపోయినా బెండకాయల ఫొటో కూడా పంపుతారు (ఆపడం మన తరం కాదు). స్పామర్ అయితే జవాబివ్వడు, లేదా ‘హలో డియర్’ అంటాడు. చార్మినార్ ఎవరు కట్టించారు లాంటి ప్రశ్నలు వద్దు, వెతికితే క్షణంలో దొరుకుతాయి.

అయినా ఒకడు దూరితే గ్రూపులో వాదనకు దిగకండి. ముందు రిపోర్ట్ చేయండి, తర్వాత ఆ సందేశాన్ని అందరికీ తొలగించండి, ఆపైన మనిషిని తీసేయండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆహ్వాన లింకును కూడా రీసెట్ చేయాలి, అప్పుడే ఎక్కడెక్కడో తిరుగుతున్న పాత లింకు చెల్లకుండా పోతుంది. సభ్యులెవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయమనండి.