కుండీలో మిరప మొక్క ఎదుగుదల ఆగిపోతే

ఆరుబయట కుండీలో పెంచే మిరప మొక్క చిగుళ్లు వేయకుండా నిలిచిపోయినప్పుడు చాలామంది వెంటనే ఎరువు వేస్తారు గాని, ముందుగా చూడవలసింది వేర్లను. కుండీని వంచి మట్టిగడ్డను మెల్లగా బయటికి తీసినప్పుడు తెల్లని వేర్లు అంచు చుట్టూ చాపలా అల్లుకొని కనిపిస్తే, వాటిని వేళ్లతో కొద్దిగా విడదీసి, నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పున్న కుండీలోకి సాయంత్రం వేళ మార్చి, అడుగు రంధ్రాల నుంచి కారేదాకా నీరు పోయాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకు బాగా వేడెక్కి వేర్లను దెబ్బతీస్తుంది కాబట్టి, కుండీకి నీడ, ఆకులకు ఎండ దక్కేలా అమర్చడం మేలు. మనసొప్పకపోయినా సరే, తొలి పూమొగ్గలను గిల్లివేయాలి. కొత్త ఆకులు విచ్చుకున్నాకే నత్రజని ఉన్న ద్రవ ఎరువును పలుచగా ఇవ్వాలి. పూత నిలుపుకొనే దశలో దాన్ని తగ్గించకపోతే ఆకులే తప్ప కాయలు అంతగా రావు.